రెండు సెంట్ల తగాదా

మా ఊళ్ళో ఒక సెంటు స్థలం కోసం ఇద్దరు అన్నదమ్ములు చచ్చేదాకా మాట్లాడుకోలేదు. గట్టు ఎవరు జరిపారో ఊరందరికీ తెలుసనేవాళ్ళు. అడిగితే మాత్రం ఒక్కొక్కళ్ళు ఒక్కో పేరు చెప్పేవాళ్ళు. పియానో ట్యూనర్ల లోకంలోనూ సెంటు ఉంది. పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య స్వరదూరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒకటి. ఒక స్వరం వినిపించి, ఆగి, ఇంకోటి వినిపిస్తే రెండు సెంట్ల తేడాని మామూలు చెవి పట్టుకోలేదు. ఆ రెండు సెంట్లు ఎక్కడ పెట్టాలన్న దాని మీద ట్యూనర్లు ఒకళ్ళనొకళ్ళు చెవిటివాళ్ళనీ, మోసగాళ్ళనీ, మెషీన్‌కి బానిసలనీ తిట్టుకోవడం నేను విన్నాను. విన్నాను అని మర్యాదకి అంటున్నాను. నేనూ తిట్టాను.

ఈ పనిలో ఒంటరితనం ఎక్కువ. ఒక ఇంటికి ఒక ట్యూనరే వెళ్తారు. ఇంకో మనిషి పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూసే అవకాశం నేర్చుకునే రోజుల్లో తప్ప మళ్ళీ దొరకదు. తోటి ట్యూనర్ గురించి మనకి తెలిసేదంతా ఆయన వదిలివెళ్ళిన పియానోని బట్టే. అది కూడా ఆయన వదిలినట్టు ఉండదు. ఎండాకాలం చెక్క ఎండి శ్రుతి దిగుతుంది, వానల్లో ఉబ్బి ఎక్కుతుంది. లోపల సుమారు 230 తీగలు, అన్నీ కలిపి పద్దెనిమిది ఇరవై టన్నుల బిగువు. ఆర్నెల్ల తర్వాత మూత తీసి వినేసరికి అందులో ఆ మనిషి పని ఎంత, ఋతువుల పని ఎంత అన్నది ఎవరూ తేల్చలేరు. అయినా మేం తేల్చేస్తాం. ఇల్లు బాగుచెయ్యడానికి వచ్చిన మేస్త్రీ గోడ మీద వేళ్ళతో తట్టి "ఎవరండీ కట్టింది?" అంటాడే, సరిగ్గా ఆ గొంతుతోనే "ఇంతకుముందు ఎవరు చేశారండీ?" అంటాం. నేరం, విచారణ, తీర్పు అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో అయిపోతాయి. ముద్దాయి మాత్రం అక్కడ ఉండడు.

ఇలా ఒకళ్ళనొకళ్ళు వినకుండానే బతికే మనుషులు ఎప్పుడైనా పదిమంది ఒకచోట చేరితే ఏమవుతుందో ఊహించండి. అందరూ తీర్పులు చెప్పడానికి అలవాటు పడ్డవాళ్ళే. జవాబు వినే అలవాటు ఒక్కరికీ లేదు.

అయితే ఈ తగాదాలన్నీ అహంకారం వల్లే అని తేల్చేస్తే అన్యాయం. కొన్ని తగాదాలు లెక్కలోనే ఉన్నాయి. స నుంచి ప కి వెళ్ళండి, బొత్తిగా వణుకు లేని శుద్ధమైన ప. ఆ ప నే స అనుకుని మళ్ళీ దాని ప కి వెళ్ళండి. అలా పన్నెండుసార్లు వెళ్తే, ఏడు స్థాయిలు దాటి బయల్దేరిన మెట్టుకే రావాలి. రాం. సుమారు 23.5 సెంట్లు ముందుకి వెళ్ళిపోతాం. దీన్నే కామా అంటారు. శుద్ధ పంచమం మూడు రెళ్ళ నిష్పత్తి, స్థాయి రెండు ఒకట్ల నిష్పత్తి. మూడుని మూడుతో ఎన్నిసార్లు గుణించినా బేసి సంఖ్యే వస్తుంది, రెండుని రెండుతో ఎన్నిసార్లు గుణించినా సరిసంఖ్యే వస్తుంది. ఈ రెండూ ఎక్కడా కలవవు. ఎవరి తప్పూ కాదు. మన సంగీతంలో ఒక తంబూరా, ఒక షడ్జమం పట్టుకుని కచేరీ మొత్తం నడుస్తుంది కాబట్టి ఈ బాధ మనల్ని పెద్దగా తాకదు. స్థాయికి పన్నెండే మెట్లు పెట్టుకుని, వాటిలో ఏదైనా స కావచ్చు అనే వాయిద్యానికి మాత్రం ఇది తప్పదు. ఆ 23.5 సెంట్లు ఎక్కడో ఒకచోట పెట్టి తీరాలి.

పదహారు, పదిహేడు శతాబ్దాల యూరప్‌లో మీన్‌టోన్ అనే పద్ధతి ఉండేది. స–గ జంట తేనెలా ఉండాలని పదకొండు స–ప జంటల్ని ఒక్కొక్కటీ ఐదు సెంట్ల పైన ఇరుకు చేసేవారు. ఆ భారమంతా పన్నెండో జంట మీద పడి అది దాదాపు 36 సెంట్లు వెడల్పై కూర్చునేది. దాన్ని మోగిస్తే ఊళ వినపడేది. తోడేలు అని పేరు పెట్టారు. సంగీతం రాసేవాళ్ళు ఆ జంట జోలికి వెళ్ళకుండా రాసేవారు. తర్వాతి కాలంలో తోడేలుని మచ్చిక చేసి, కొన్ని శ్రుతులు తియ్యగా, కొన్ని కారంగా ఉండేలా రకరకాల పంపకాలు వచ్చాయి. చివరికి అన్ని స–ప లనీ తలా రెండు సెంట్లు ఇరుకు చేసే సమాన పంపకం నిలిచింది. ఇందులో తోడేలు లేదు. కానీ ప్రతి స–గ సుమారు 14 సెంట్లు వెడల్పుగా, ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉంటుంది. పంచమాలు బాగున్నాయంటే గాంధారాలు చెడ్డట్టే.

ఇక్కడ ఉపమానం చెయ్యాలని ఎవరికైనా నోరూరుతుంది. నాకూ ఊరింది. సమాజం కూడా ఇంతే, తలా కాస్త సర్దుకుంటే తోడేలు ఉండదు, అని ఒక మంచి మాట చెప్పి లేవచ్చు. కానీ "సర్దుకుపో" అనే మాట ఈ దేశంలో ఎవరు ఎవరికి చెప్తారో తెలిసినవాళ్ళం. పన్నెండు మందికీ సమానంగా రెండేసి సెంట్లు పంచిన ఇల్లు నేను చూళ్ళేదు. చూసినవన్నీ మీన్‌టోన్ ఇళ్ళే. పదకొండు మంది మధ్య మాధుర్యం, పన్నెండో మనిషి దగ్గర ఊళ. సాహిత్య సభల్లోనూ అంతే కదా. ఒక గొడవ మనిషి ఉంటాడు. ఆయన ప్రశ్న అడగడానికి లేస్తే అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు. ఆయన లేకపోతే సభ ఎంత హాయిగా ఉండేదో అనుకుంటారు. ఆ హాయి కోసం ఎవరి తేడాలు ఎవరు నోట్లో నొక్కుకున్నారో, ఆ నొక్కుకున్నదంతా వెళ్ళి ఎక్కడ పడిందో ఎవరూ లెక్క వెయ్యరు. ఆయన ఊళ వెయ్యడం నిజమే. ఆ ఊళలో ఎంత ఆయనది, ఎంత మిగతా పదకొండు మందిది అన్నదే ప్రశ్న.

ఇంతకంటే ఈ పోలికని లాగను. తీగకి నొప్పి తెలీదు.

ట్యూనర్ల తగాదాలకి చాలా పాత వంశవృక్షం ఉంది. జర్లీనో ఇటలీలో మహా పండితుడు. శుద్ధ నిష్పత్తులే సంగీతానికి పునాది అన్నాడు. విన్సెంజో గలిలీ వెనిస్‌లో ఆయన దగ్గర చదువుకున్నాడు. మనకి తెలిసిన గెలీలియోకి తండ్రి. మనుషులు నిజంగా పాడేదీ వాయించేదీ గురువు గారి లెక్క ప్రకారం లేదని 1581లో పుస్తకం రాశాడు. గురువు 1588లో జవాబు రాశాడు. శిష్యుడు 1589లో ఇంకోటి రాశాడు. రెండు పక్కలా మాటలు పరుషంగానే ఉన్నాయి. కానీ ఆ కోపం మధ్యలో గలిలీ ఒక పని చేశాడు. తీగకి బరువులు వేలాడదీశాడు. స్థాయి ఎక్కాలంటే బిగువు రెండింతలు కావాలని పైథాగరస్ పేరు మీద శతాబ్దాలుగా చెప్పుకుంటున్న కథ తప్పనీ, నాలుగింతలు కావాలనీ తేలింది. తిట్లలో ఏది న్యాయం ఏది అన్యాయం అని ఇవాళ ఎవరూ అడగరు. బరువులు మిగిలాయి.

దీనికి భిన్నంగా ఏమీ మిగల్చని తగాదా ఇంకోటుంది. బాఖ్ 1750లో చనిపోయాక, ఆయన ఏ పంపకం వాడేవాడన్న దాని మీద కిర్న్‌బర్గర్, మార్‌పుర్గ్ కొట్టుకున్నారు. కిర్న్‌బర్గర్ బాఖ్ దగ్గర నేర్చుకున్నవాడు, సమాన పంపకం అంటే గిట్టనివాడు. మార్‌పుర్గ్ దానికి వకీలు. బాఖ్ తనతో గాంధారాలన్నీ వెడల్పుగా ఉంచమనేవాడని కిర్న్‌బర్గర్ ఎప్పుడో స్వయంగా చెప్పిన మాటనే 1776లో మార్‌పుర్గ్ తీసి అతని మీదే విసిరాడు. బాఖ్ పియానో ముందు, అంటే ఆయన హార్ప్సికార్డ్ ముందు, ఇద్దరూ కూర్చునే వీలు అప్పటికే లేదు. వినడానికి ఏమీ మిగలనప్పుడు ఎవరేమన్నారన్నదే మిగులుతుంది. 2005లో ఒక పరిశోధకుడు బాఖ్ 1722 నాటి పుస్తకం మొదటి పేజీ మీద గీసిన మెలికల గీతలోనే ఆయన శ్రుతి రహస్యం దాగుందన్నాడు. ఆ మెలికలనే ఇంకోలా చదివి ఇంకో శ్రుతి తీసినవాళ్ళు వచ్చారు. ఆ కొట్లాట ఇంకా ఆరలేదు.

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ అనుకోకండి. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. దాని మెట్లు పాశ్చాత్య సమాన పంపకానివి, మన స్వరాలవి కావు, గమకం పలకదు అన్నారు. ఠాగూర్‌కీ ఆ వాయిద్యమంటే పడేది కాదు. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ ముప్పై ఏళ్ళూ మన పల్లెల్లో పద్యనాటకం హార్మోనియం మీదే బతికింది. స్టేజీ పక్కన కూర్చుని రాత్రంతా పద్యానికి శ్రుతి అందించిన హార్మోనిస్టుకి, నీ పెట్టె అపశ్రుతి అని ఢిల్లీ నుంచి వచ్చిన కబురు ఎలా వినిపించి ఉంటుంది? శాస్త్రం లెక్కన వాళ్ళ వాదనలో నిజముంది. ఆ గాంధారం వెడల్పే. కానీ ఆ మాటని ఆయన పక్కన కూర్చుని, తంబూరా మీటి, ఆ మెట్టు నొక్కి, "ఇదిగో, ఈ వణుకు విన్నావా" అని ఎవరూ చెప్పలేదు. స్టూడియో తలుపు వేశారు, అంతే.

ఆ వణుకు గురించి కాస్త చెప్పాలి. ఇంటర్ ఫిజిక్సు తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి విస్పందనాలు అన్న పాఠం గుర్తుండాలి. దగ్గర దగ్గర పౌనఃపున్యాలున్న రెండు స్వరాలు కలిసి మోగితే ధ్వని వువ్వువ్వు అని ఎక్కి దిగుతుంది. ట్యూనర్ వినేది స్వరాన్ని కాదు, ఈ ఎక్కి దిగడాన్ని. మధ్య స్థాయిలో ఒక గాంధార జంట సెకనుకి దాదాపు ఏడుసార్లు వణకాలి. పక్కనే ఉన్న పంచమ జంట సెకనుకి ఒక్కసారి కూడా వణక్కూడదు. ఒకే మెట్టుకున్న మూడు తీగలు కలిసి మోగితే వణుకు అసలే ఉండకూడదు. ఇది నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మొదటి ఆరు నెలలూ ఏమీ వినపడక, వినపడినట్టు తల ఊపేదాన్ని. ఒకరోజు వినపడింది. ఆ తర్వాత వినకుండా ఉండటం సాధ్యం కాలేదు. గుడిలో మైకు, ఫ్రిజ్జు, పెళ్ళి సన్నాయి, అన్నిటిలోనూ అదే. నీ చెవి తప్పు అంటే ట్యూనర్‌కి ఎందుకు అంత మంటో ఇప్పుడు అర్థమవుతుంది అనుకుంటాను. వడ్రంగి ఉలి తప్పంటే ఉలి మారుస్తాడు. చెవిని దేనితో మారుస్తారు?

ఇక ఫోన్ల యుద్ధం. ఇప్పుడు యాప్‌లున్నాయి. మైకు దగ్గర ఫోన్ పెడితే ప్రతి తీగా సెంటులో పదో వంతు దాకా ఎక్కడుందో చూపిస్తుంది. చెవి పక్షం వాళ్ళకి ఇది మోసంలా కనిపిస్తుంది. వాళ్ళ వాదన తేలిగ్గా తీసెయ్యలేం. ఉక్కు తీగ బిరుసుగా ఉంటుంది కాబట్టి దాని పై అనుస్వరాలు ఉండాల్సిన దానికంటే కాస్త హెచ్చుగా పలుకుతాయి. అందుకని స్థాయిలని కొంచెం సాగదీసి పెట్టాలి. 1938లో రేల్స్‌బ్యాక్ అనే ఆయన బాగా ట్యూన్ చేసిన పియానోల్ని కొలిచి, పై చివర ముప్పై సెంట్ల దాకా హెచ్చుగా, కింది చివర అలాగే తగ్గుగా ఉంటుందని చూపించాడు. ఎంత సాగదియ్యాలన్నది ఒక్కో పియానోకీ వేరు. చెవికీ వేరు. యాప్ చూపించే సున్నా దేవుడిచ్చిన సున్నా కాదు, ఎవరో రాసిన లెక్క. ఇదంతా నిజమే.

కానీ నా పక్షం కూడా వినండి. నేను సంచి భుజాన వేసుకుని ఇంటికి వెళ్తే "సార్ వెనకాల వస్తున్నారా?" అని అడిగేవాళ్ళు. పని అయ్యాక ఇంట్లో పెద్దాయన రెండు మెట్లు నొక్కి, తల పక్కకి వాల్చి, "ఇదేదో తేడాగా ఉందమ్మా" అనేవాడు. ఆయనకి సంగీతం రాదు. నా మాట మీద నమ్మకం లేదు, అంతే. అలాంటి చోట ఫోన్ నాకు సాక్షి. నలభై ఏళ్ళ చెవి ఉన్న మగమనిషికి సాక్షి అక్కర్లేదు. "చెవితో చెయ్యలేనివాడు ట్యూనరే కాదు" అన్న మాట వినడానికి కళ గురించిన మాటలా ఉంటుంది. నాకు అందులో, ఇక్కడ ఎవరి మాట చెల్లాలో ముందే తేలిపోయింది అన్న మాట కూడా వినపడేది.

ఈ కోపమంతా మోసుకుని ఒకరోజు సికింద్రాబాద్‌లో ఒక ఇంటికి వెళ్ళాను, మాస్టారితో కలిసి. నాకు పని నేర్పినాయన. పేరు అనవసరం. మధ్య స్థాయిలో ఆయన పెట్టిన శ్రుతి అంత నున్నగా ఇప్పటికీ నాకు రాదు. ఆ రోజు పని మొత్తం ఆయనే చేశారు. చివర పై స్థాయి మెట్లు నొక్కుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఒక మెట్టు దిగి ఉంది, పక్కది ఎక్కి ఉంది. సాగదీత అయితే అన్నీ ఒకే వైపు పోవాలి. ఇది సాగదీత కాదు. మూడు తీగలు కూడా కలవలేదు. వయసుతో చెవి పైనుంచి తగ్గుతూ వస్తుంది. పియానో చివరి మెట్టు 4186 హెర్ట్జ్. ఆయనకి అక్కడ వినపడటం మానేసి ఎన్నాళ్ళయిందో.

నేనేం చేశానంటే, ఫోన్ తీసి ఆ ఇంటావిడకి చూపించాను. "చూడండి మేడమ్, పన్నెండు సెంట్లు తక్కువ. ఇదిగో ఇది తొమ్మిది ఎక్కువ." ఆవిడకి సెంటంటే తెలీదు, ఎర్ర రంగు తెలిసింది. మాస్టారు ఏమీ అనలేదు. ఫెల్టు పట్టీని చుట్టలా చుట్టారు. రబ్బరు ముక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేసుకున్నారు. లిఫ్ట్‌లో మాత్రం "నాతో చెప్పి ఉండాల్సింది" అన్నారు. "చెప్తే వినేవారా?" అన్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆయన నన్ను పనికి పిలవలేదు.

ఆ రెండేళ్ళలో ఈ దృశ్యాన్ని నా వైపు నుంచి చాలాసార్లు వాదించుకున్నాను. నేను చెప్పింది నిజం. ఇది కామా లాంటి తగాదా కాదు, పంపకంలో అభిరుచి కాదు. కలవాల్సిన తీగలు కలవలేదు. ఆ ఇంట్లో ఒక పిల్ల ఆ పియానో మీద నేర్చుకుంటోంది. ఆ పిల్ల చెవికి నేను బాధ్యురాల్ని కానా? పెద్దవాళ్ళ తప్పు చెప్పకపోవడాన్ని మనం గౌరవం అంటాం. కానీ ఊళ్ళో మిగతా ట్యూనర్లందరికీ మాస్టారి సంగతి తెలుసని తర్వాత తెలిసింది. "మాస్టారి పియానోకి పైన ఉన్న మెట్లు అలంకారానికి" అని జోకు కూడా ఉందట. ఎదురుపడితే కాళ్ళకి దండం పెట్టేవాళ్ళే. ఆ గౌరవం కంటే నా ఫోనే నయం అనిపించేది. ఇప్పటికీ కొంత అలాగే అనిపిస్తుంది.

కొంత అనడానికి కారణం అమెరికాలోని పియానో టెక్నీషియన్స్ గిల్డ్ పెట్టే పరీక్ష. 1957లో రెండు వేరువేరు సంఘాలు కలిసి ఒకటైతే ఏర్పడిన సంస్థ అది. పరీక్షకి ముందు కొందరు పరీక్షకులు కలిసి ఆ పియానోని తామే ట్యూన్ చేస్తారు, ప్రతి మెట్టు దగ్గరా ఒక ఒప్పుదలకి వచ్చేదాకా. దాన్ని యంత్రంతో కొలిచి రాసుకుంటారు. తర్వాత శ్రుతి చెడగొట్టి అభ్యర్థికి అప్పగిస్తారు. ఆయన చేసిందాన్ని మళ్ళీ కొలిచి, రెండు లెక్కలూ పోలుస్తారు. ఇంతవరకూ యంత్రం రాజ్యమే. నన్ను ఆపిన విషయం దీని తర్వాత ఉంది. ఫలానా మెట్టు తప్పు అని యంత్రం చెప్పినంత మాత్రాన సరిపోదు. పరీక్షకుడు అభ్యర్థిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ తప్పుని చెవికి వినిపించి చూపాలి. వినిపించలేకపోతే ఆ మార్కులు అభ్యర్థివే.

మొదటిసారి తెలిసినప్పుడు ఇది చెవి పక్షానికి వేసిన లంచంలా అనిపించింది. మెల్లగా అర్థమైంది. ఈ నియమం నిరూపించే బరువుని తప్పు పట్టేవాడి మీద పెడుతుంది. నీకు తెలిస్తే చాలదు, నీ దగ్గర అంకె ఉంటే చాలదు. ఎదుటి మనిషికి వినపడేలా చెయ్యి. దానికి నువ్వు ఆయన పక్కన, అదే బల్ల మీద, అదే మెట్టు మీద వేలు పెట్టి కూర్చోవాలి. ఆయన ఎలా వింటాడో నువ్వు తెలుసుకోవాలి, ఏ జంట మోగిస్తే ఈ తేడా బయటపడుతుందో వెతకాలి. వెతుకుతుంటే ఒక్కోసారి తప్పు నీ లెక్కలోనే బయటపడొచ్చు. ఆ సికింద్రాబాద్ ఇంట్లో నేను మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకోలేదు. పియానో ఎదురుగా ఉంది, ముగ్గురం ఉన్నాం, దాన్ని మోగించకుండా ఫోన్ చూపించాను. అదీ ఆయనకి కాదు. వినలేని ఒక మనిషి ఎదురుగా, వినడం రాని ఇంకో మనిషికి రంగు చూపించి గెలిచాను.

అయితే ఈ నియమం మాస్టారి విషయంలో పనిచేస్తుందా? పనిచెయ్యదు. ఆయనకి వినపడదు కదా. ఎన్ని జంటలు మోగించినా ఆ ఎత్తున ఆయనకి వణుకు అందదు. నిరూపణ అవతలి మనిషి శరీరంలోనే ఆగిపోయే తగాదాలు ఉంటాయి. రాజకీయాల్లో, ఇళ్ళల్లో కూడా ఉంటాయనుకుంటాను, కాకపోతే అక్కడ ఎవరి చెవి పోయిందో కొలిచే పరికరం లేదు. అప్పుడేం చెయ్యాలి? నా దగ్గర నియమం లేదు. ఒకటి మాత్రం అనుకుంటాను. ఆయనకి వినపడదన్న మాట నిజమే అయినా, "చెప్తే వినేవారా?" అని నేనన్నది అబద్ధం. చెప్పి చూడలేదు. అసలు లిఫ్ట్‌లో ఆయన నన్ను తప్పుపట్టింది పై స్థాయి గురించి కాదు.

రెండేళ్ళకి, డిసెంబరు మొదటి వారంలో, ఫోన్ చేశారు. క్రిస్మస్ ముందు చర్చీల పియానోలన్నీ ఒకేసారి మీద పడతాయి. "ఖాళీగా ఉన్నావామ్మా?" అంటే ఉన్నానన్నాను. లేను నిజానికి.

పాత నిలువు పియానో, వానాకాలం తేమకి బాగా ఎక్కిపోయి ఉంది. ఆయన మధ్యలో మొదలుపెట్టారు. నేను వెనకాల బెంచీ మీద కూర్చుని విన్నాను. ఐదో స్థాయి దాటాక లీవర్ తీసి నా చేతికిచ్చి, "కళ్ళు మంటగా ఉన్నాయి, పైది నువ్వు చెయ్యి" అని బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. కళ్ళు అన్నారు. నేనూ కళ్ళే అనుకున్నాను. పై మెట్లు అయ్యాక, పనిలో పనిగా కింది స్థాయి కూడా ఫోన్ పెట్టుకుని చేసేశాను. అంతా పచ్చగా చూపించింది.

లోపలికొచ్చి పై మెట్లు ముట్టుకోలేదు. తిన్నగా ఎడమ చివరికెళ్ళి రెండు మెట్లు కలిపి నొక్కారు. "ఇది విన్నావా?"

"బాగానే ఉంది కదా మాస్టారూ."

ఫోన్ వైపు ఆయన చూళ్ళేదు. నా వేళ్ళు తీసి ఆ రెండు మెట్ల మీద పెట్టి, "నొక్కి పట్టుకో, వదలకు. చివర్లో వస్తుంది" అన్నారు. లావు తీగలు మోగి మోగి సన్నబడుతున్నాయి. నాకేం వినపడలేదు. మళ్ళీ నొక్కమన్నారు. వినపడలేదు. మూడోసారి కూడా. బయట ఎవరో నక్షత్రం కడుతున్నారు, నిచ్చెన చప్పుడవుతోంది. ఆయన చెయ్యెత్తి వాళ్ళని ఆపమని సైగ చేసి, మళ్ళీ నొక్కమన్నారు.

నాలుగోసారికి, శబ్దం దాదాపు ఆరిపోతుండగా, వచ్చింది. చాలా మెల్లగా, ఒక్కటే వణుకు.